అమ్మ పట్టుచీర, చౌడు మట్టి, ఒక చెంచా పొడి

మా అమ్మ పెళ్ళినాటి పట్టుచీర ఒకటి నా బీరువాలో ఉంది. అరిటాకు రంగు, ఎర్రంచు. అమ్మ పోయాక అక్కా నేనూ చీరలు పంచుకున్నప్పుడు నా వంతుకి వచ్చింది. ఇప్పుడు దాన్ని కట్టుకోవడానికి లేదు. కుచ్చిళ్ళ దగ్గర జానెడు మేర పట్టు మెరుపంతా పోయి పీచులు తేలింది, మడత దగ్గర చీలింది. అలా చేసింది నేనే. కానీ ఆ మాట ఒప్పుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఈ రెండు నెలల్లో నేను తెలుసుకున్నదే ఈ వ్యాసం.

జరిగింది చెప్తాను. మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి ఆ చీర కట్టుకుని వెళ్ళాను. ఎవరిదో చెయ్యి తగిలి పాయసం గిన్నె ఒలికింది. ఇంటికి రాగానే బకెట్‌లో గోరువెచ్చటి నీళ్ళు పోసి, మామూలుగా మెషిన్‌లో వేసే పొడి ఒక చెంచా కలిపి, ఆ కుచ్చిళ్ళ భాగం వరకూ ముంచి పడుకున్నాను. పొద్దున్నే మా ఇంట్లో పనిచేసే ఆవిడ వచ్చి దాన్ని జాడించి నీడన ఆరేసింది. మధ్యాహ్నం మడత పెట్టబోతే చూశాను, పట్టు పాడైంది. వెంటనే నా నోటికొచ్చిన మాట, "నువ్వు బండకేసి బాదావా?" ఆవిడ లేదమ్మా అంది. నేను నమ్మలేదు. ఆ పూట చాలా మాటలన్నాను. ఆవిడ తల వంచుకుని గిన్నెలు తోముకుని వెళ్ళిపోయింది.

మా అమ్మాయి బయోటెక్నాలజీ చదువుతోంది. హాస్టల్ నుంచి వచ్చినప్పుడు చీర చూపించి నా గోడు వెళ్ళబోసుకుంటే, అది పొడి ప్యాకెట్ తిప్పి వెనకాల చూపించింది. సన్నటి అక్షరాల్లో ఉంది: పట్టుకీ ఉన్నికీ వాడరాదు. "ఇందులో ఎంజైములుంటాయి అమ్మా. అవి ప్రోటీన్‌ని తినేస్తాయి. పట్టు కూడా ప్రోటీనే కదా" అంది. ఇరవై ఏళ్ళుగా నా చేతిమీదుగా పోతున్న పొడి. ఒక్కరోజు కూడా వెనక్కి తిప్పి చూడలేదు.

అప్పటినుంచి అసలు ఈ ఎంజైములు మన బట్టల పొడిలోకి ఎలా వచ్చాయా అని చదవడం మొదలుపెట్టాను. తెలుగు బి.ఏ. చదివినదాన్ని, కెమిస్ట్రీ అంటే చిన్నప్పటినుంచీ దడే. కానీ ఇది చదువుతుంటే కెమిస్ట్రీలా అనిపించలేదు. మన పెరటి కథలాగే అనిపించింది.

చౌడు, కుంకుడు

మా ఊళ్ళో చిన్నప్పుడు బట్టలుతికే పెద్దావిడ ఉండేది. మేమంతా అవ్వా అనేవాళ్ళం. చెరువు గట్టు అవతల తెల్లగా పొంగిన నేల నుంచి చౌడు మట్టి తెచ్చి, ఆ నీళ్ళలో బట్టలు నానబెట్టి, పెద్ద బానలో ఉడికించి, బండకేసి ఉతికేది. చౌడులో ఉండేది బట్టల సోడా లాంటి క్షారమే. అది జిడ్డుని విరుస్తుంది. పంచెలూ దుప్పట్లూ అన్నీ ఆ బానలోకే. కానీ పట్టుబట్ట ఇస్తే మాత్రం తీసుకునేది కాదు. "పట్టుకి చౌడు చూపించకూడదమ్మా, ఇంట్లోనే కుంకుడు రసంలో జాడించుకోండి" అనేది. ఏ పుస్తకమూ చదవని మనిషి. క్షారం పట్టుని పాడుచేస్తుందనీ, కుంకుడు నురగ నెమ్మదైనదనీ ఆవిడ చేతులకి తెలుసు.

ఇంకొకటి మన ఆడవాళ్ళందరికీ తెలిసింది. రక్తం మరకకి వేణ్ణీళ్ళు పొయ్యకూడదు, చన్నీళ్ళే పొయ్యాలి. నెలసరి బట్టలు ఉతుక్కునే వయసు రాగానే అమ్మమ్మలు చెప్పే మొదటి మాట ఇదే. కారణం కూడా మన వంటింట్లోనే ఉంది. కోడిగుడ్డు తెల్లసొన వేడి తగిలితే గట్టిపడుతుంది కదా, రక్తంలో ప్రోటీనూ అంతే. వేడికి గడ్డకట్టి నూలు పోగుల్లో ఇరుక్కుపోతుంది. పాలు, పప్పు, చెమట, పసిపిల్లలు కక్కిన పాలు, ముసలివాళ్ళ పక్కబట్టలు... ఆలోచిస్తే మనం జన్మంతా ఉతికే మొండి మరకల్లో సగం ప్రోటీన్ మరకలే. సబ్బు నూనెని లాగుతుంది గానీ ఈ ప్రోటీన్ అంత తేలిగ్గా కదలదు. దాన్ని ముక్కలు చెయ్యాలి. ముక్కలు చేసేవే ఎంజైములు. మనం తిన్న పప్పుని కడుపులో అరిగించేవీ అవే.

కుక్క పెంట ఏరుకున్న ఆడవాళ్ళు

ఈ కథ మొదలయ్యేది బట్టలతో కాదు, తోలుతో. పత్తొమ్మిదో శతాబ్దంలో లండన్ వీధుల్లో కుక్క పెంట ఏరుకుని బతికేవాళ్ళుండేవారు. 1851 ప్రాంతంలో హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత లండన్ పేదల జీవితాల మీద రాసిన పెద్ద గ్రంథంలో వాళ్ళ గురించి రాశాడు. వాళ్ళలో ముసలి ఆడవాళ్ళూ ఉన్నారు. ఆ పెంటకి వాళ్ళు పెట్టుకున్న పేరేమిటో తెలుసా? 'ప్యూర్'. అంటే స్వచ్ఛం! తోలు శుభ్రపరుస్తుంది కాబట్టి ఆ పేరు. తోలు ఊనేవాళ్ళు బకెట్ల లెక్కన కొనేవారు. సున్నంలో నానిన తోలు బిరుసుగా ఉంటుంది. కుక్క పెంటో పావురాల రెట్టో కలిపిన నీళ్ళలో ఊరబెడితే మెత్తబడేది. ఎందుకు మెత్తబడుతుందో మాత్రం ఎవరికీ తెలియదు.

జర్మనీలో ఓటో రోమ్ అనే రసాయన శాస్త్రవేత్త దీని వెంట పడ్డాడు. పెంటలో పని చేస్తున్నది జీర్ణరసాల్లోని ఎంజైమేనని గ్రహించి, కబేళాల్లో దొరికే పశువుల క్లోమం నుంచి ఆ ఎంజైముని తీసి తోలు మందు తయారుచేశాడు. 1907లో ఓటో హాస్ అనే ఆయనతో కలిసి కంపెనీ పెట్టాడు. కుక్క పెంట అవసరం అలా తప్పింది.

తోలు మీద ప్రోటీన్‌ని విరిచేది బట్ట మీద ప్రోటీన్‌ని ఎందుకు విరవదు? ఇది ఆయనకి తట్టిన తర్వాతి ఆలోచన. 1913లో పేటెంట్ తీసుకున్నాడు. 1914లో 'బర్నస్' అనే పేరుతో బట్టలు నానబెట్టే పొడి బజారులోకి వచ్చింది. చాలావరకు సోడా, అందులో కాస్త క్లోమపు ఎంజైమ్. ప్రపంచంలో మొదటి ఎంజైమ్ బట్టల పొడి అదే.

ఇంతవరకూ చదివి మా అత్తయ్యకి చెప్పాను. "క్లోమమంటే?" అన్నారు. పందులదీ ఎద్దులదీ అన్నాను. వెంటనే ఆవిడ చేతిలో మడత పెడుతున్న దుప్పటి కిందపెట్టేశారు. "ఇన్నాళ్ళూ నా మడిబట్టలు అందులోనే ఉతుకుతున్నావా?" అని అడిగారు. అయ్యో అత్తయ్యా, పూర్తిగా వినండి అని మిగతా కథ చెప్పాల్సి వచ్చింది. మీకూ అదే చెప్తున్నాను.

మట్టిలోంచి వచ్చిన సాయం

బర్నస్ చాలా ఏళ్ళు అమ్ముడైంది గానీ దానికో పెద్ద లోపం ఉంది. క్లోమంలోని ఎంజైమ్ మన పేగుల్లాంటి చోట పనిచెయ్యడానికి పుట్టింది. సోడా నీళ్ళ ఘాటుకి అది సరిగ్గా నిలవలేదు. మరి సోడాకి తట్టుకునే ఎంజైమ్ ఎక్కడ దొరుకుతుంది?

జవాబు మట్టిలో ఉంది. బాసిల్లస్ అనే జాతి బాక్టీరియా మట్టిలో, ఎండుగడ్డిలో బతుకుతుంది. తనకి పళ్ళూ కడుపూ లేవు కాబట్టి ఎంజైములని బయటికి వదిలి, చుట్టూ ఉన్న ప్రోటీన్‌ని అక్కడే అరగదీసి, ఆ కరిగినదాన్ని పీల్చుకుంటుంది. అంటే వంట బయటే, భోజనం లోపల! 1959లో స్విట్జర్లాండ్‌లోని బీల్ పట్టణంలో ష్నైడర్ అనే సంస్థ బాక్టీరియా నుంచి తీసిన ఎంజైముతో 'బయో 40' అనే పొడి తెచ్చింది. 1960ల మొదట్లో డెన్మార్క్ కంపెనీ నోవో 'ఆల్కలేజ్' అనే ఎంజైముని పెద్ద ఎత్తున తయారుచెయ్యడం మొదలుపెట్టింది. ఈ నోవో ఎవరనుకున్నారు? పశువుల క్లోమం నుంచి ఇన్సులిన్ తియ్యడానికి 1925లో కోపెన్‌హేగన్‌లో ఇద్దరన్నదమ్ములు మొదలుపెట్టిన కంపెనీ. క్లోమంతో మొదలై మట్టి దగ్గరికి వచ్చారన్నమాట.

పద్ధతి మన ఇడ్లీపిండి పులియబెట్టినట్టే ఉంటుంది, కాకపోతే పెద్ద పెద్ద స్టీలు ట్యాంకుల్లో. పిండిపదార్థాలూ ప్రోటీనూ కలిపిన నీళ్ళలో బాక్టీరియాని పెంచుతారు. అది ఎంజైముని ఆ నీళ్ళలోకి వదులుతుంది. తర్వాత బాక్టీరియాని వడకట్టి తీసేస్తారు. మన పొడిలోకి వచ్చేది ఎంజైమ్ మాత్రమే, బతికున్న సూక్ష్మజీవి కాదు. ఇది చెప్పాక అత్తయ్య దుప్పటి మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. "పంది లేదు, పురుగూ లేదు. సరే" అన్నారు.

పొడి పీల్చినవాళ్ళు

ఇక్కడితో ఆపేస్తే మంచి కథే. కానీ తర్వాత జరిగింది చదివినప్పుడు నాకు మా పనావిడ మొహం గుర్తొచ్చింది.

1960ల చివరికి అమెరికాలోనూ యూరప్‌లోనూ ఎంజైమ్ పొడులు వెల్లువలా వచ్చాయి. ఆ రోజుల్లో ఎంజైమ్ మెత్తటి పిండిలా ఉండేది. ఫ్యాక్టరీల్లో దాన్ని కలిపేటప్పుడు ధూళి లేచేది. అక్కడ పనిచేసేవాళ్ళు రోజంతా దాన్నే పీల్చేవారు. క్రమంగా వాళ్ళకి దగ్గు, ఆయాసం, ఊపిరాడకపోవడం మొదలయ్యాయి. 1969లో ఇంగ్లండ్ డాక్టర్లు ఫ్లింట్, పెపిస్ ఈ సంగతి 'లాన్సెట్' అనే వైద్యపత్రికలో బయటపెట్టారు. ఆ ధూళి కార్మికుల ఊపిరితిత్తుల్లో ఎలర్జీ పుట్టిస్తోందని చూపించారు. వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. ఎవరి పిల్లల యూనిఫారాలో తెల్లబడటానికి వాళ్ళ ఊపిరి ఖర్చయింది.

వార్త పొక్కగానే కొనేవాళ్ళు భయపడ్డారు. 1970, 71ల్లో అమెరికాలో పెద్ద కంపెనీలు చాలా పొడుల్లోంచి ఎంజైములు తీసేశాయి. 1971లో అక్కడి నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ విచారించి, ఇంట్లో వాడుకునేవాళ్ళకి చెప్పుకోదగ్గ ప్రమాదం లేదని తేల్చింది. ప్రమాదం ఫ్యాక్టరీలో ధూళి పీల్చేవాళ్ళకి. అప్పుడు ఎంజైముని ధూళి లేవకుండా చిన్న చిన్న గుళికలుగా చేసి, పైన మైనం లాంటి పూత వెయ్యడం నేర్చుకున్నారు. గాలి శుభ్రపరిచే ఏర్పాట్లు, కార్మికులకి ఆరోగ్య పరీక్షలు వచ్చాయి. తర్వాత ఎంజైములు నెమ్మదిగా మళ్ళీ బజారుకొచ్చాయి. మన పొడిలో అక్కడక్కడా కనపడే రంగు పూసలన్నీ ఎంజైములే కానక్కర్లేదు గానీ, ఎంజైమ్ మాత్రం ఇప్పుడు అలా గుళికల్లోనే ఉంటుంది. నీళ్ళలో పడ్డాకే పూత కరుగుతుంది.

ఆ పూత ఎవరికోసం వచ్చిందో మనం మర్చిపోతాం. మన చేతులకోసం కాదు, అది కలిపే వాళ్ళ ఊపిరికోసం.

మళ్ళీ చౌడు దగ్గరికే

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన మనిషి జపాన్ శాస్త్రవేత్త కోకి హోరికోషి. 1968లో ఆయన ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరం చూస్తున్నాడు. తన దేశపు కట్టడాలకీ ఈ కట్టడాలకీ ఎంత తేడా అనుకున్నాడట. వెంటనే ఇంకో ఆలోచన వచ్చిందట. మనుషులకి రెండు వేర్వేరు లోకాలున్నట్టు, సూక్ష్మజీవులకీ మనం చూడని లోకం ఇంకోటి ఉండచ్చు కదా, క్షారపు లోకం? ఇంటికెళ్ళగానే సోడా కలిపిన పోషక ద్రవంలో కాస్తంత మామూలు మట్టి వేసి ఉంచాడు. మర్నాటికల్లా అందులో బాక్టీరియా పెరిగింది. అంత ఘాటు నీళ్ళలో ఏదీ బతకదనుకున్న చోట, అదే తన ఇల్లన్నట్టు పెరిగింది. అలాంటివాటి ఎంజైములు సోడా నీళ్ళకి బెదరవు.

ఇది చదివి కాసేపు ఆగిపోయాను. క్షారపు నేల! అంటే మా అవ్వ చెరువు గట్టు అవతల తవ్వుకొచ్చిన చౌడు నేల లాంటిదే కదా. ఆవిడ ఆ మట్టిలో సోడాని వాడుకుంది. శాస్త్రవేత్తలు అలాంటి ఘాటుని తట్టుకునే ప్రాణిని వెతుక్కున్నారు.

1987లో జపాన్‌లో కావో కంపెనీ 'అటాక్' అనే పొడిలో ఇలాంటి క్షారపు బాక్టీరియా నుంచి వచ్చిన సెల్యులేజ్ అనే ఎంజైముని వాడింది. అది నూలు పోగు మీద పనిచేసి లోపలి మురికిని వదులుస్తుంది. 1988లో నోవో కంపెనీ 'లిపోలేజ్' తెచ్చింది, అది నూనె మరకలకి. ఒక బూజు జాతిలో దొరికిన ఎంజైమ్ తయారీ గుణాన్ని, జపాన్ వాళ్ళు సోయాసాస్‌కి వాడే ఇంకో బూజులోకి జన్యు ఇంజనీరింగ్ ద్వారా మార్చి తయారుచేశారు. ఇవి కాక గంజి, సాంబారు లాంటి పిండి మరకలకి అమైలేజ్ అనేది ఒకటుంది. ఒక్క చెంచా పొడిలో, చిటికెడంత పాళ్ళలో, ఇంతమంది పనివాళ్ళు.

మన ఇళ్ళకి వచ్చేసరికి

మన దేశంలో సర్ఫ్ 1959లో వచ్చింది. 1969లో గుజరాత్‌లో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా మొదలుపెట్టి, బట్టల పొడిని మామూలు ఇళ్ళకి అందేలా చేశాడు. 1980ల్లో టీవీలో లలితాజీ వచ్చి చవకైనదానికీ మంచిదానికీ తేడా చెప్పడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1991లో ఏరియల్ ఎంజైముల పొడిగా వచ్చింది. అప్పటికి నేను స్కూల్లో ఉన్నాను. "చిన్న ప్యాకెట్టుకి ఇంత ధరా" అని అమ్మ బండ సబ్బుతోనే కానిచ్చేది. మాకు బండ సబ్బు, నీలిమందు, గంజి. ఆ మూడింటితోనే నాన్నగారి చొక్కాలు మెరిసిపోయేవి. మెరిసింది అమ్మ రెక్కల కష్టం వల్ల.

ఎంజైమ్ చేసిన అసలు మేలు నాకు తెలిసింది మా మామయ్యగారు ఆఖరి ఏడాది మంచాన ఉన్నప్పుడు. రోజుకి మూడు దుప్పట్లు. రాత్రి నానబెట్టి పొద్దున మెషిన్‌లో వేస్తే మరక పోయేది. వేణ్ణీళ్ళు కాచక్కర్లేదు, బాదక్కర్లేదు. ఆ టైములో ఆయన పక్కన కూర్చుని పేపర్ చదివి వినిపించేదాన్ని. అది ఏ బాక్టీరియా దయో అప్పుడు నాకు తెలియదు.

తెలుసుకున్నాక ఇంట్లో కొన్ని మార్చుకున్నాను. ఎంజైముకి టైమివ్వాలి, అందుకే రక్తం, పాలు, చెమట మరకలున్న నూలుబట్టలు అరగంటో గంటో నానబెడతాను. నీళ్ళు చల్లగానో గోరువెచ్చగానో ఉండాలి. మరిగే నీళ్ళు పోస్తే రక్తం మరక గట్టిపడుతుంది, ఎంజైమూ పాడైపోతుంది. బ్లీచింగ్‌తో కలపను, అది ఎంజైముని చంపేస్తుంది. పట్టు, ఉన్ని వీటి దరిదాపులకి రానివ్వను. పట్టు పురుగు నోట్లోంచి వచ్చింది, ఉన్ని గొర్రె ఒంటి మీద పెరిగింది, రెండూ ప్రోటీనే. పాయసంలో పాల మరకకీ, అమ్మ పట్టుకీ తేడా ఎంజైముకి ఏం తెలుస్తుంది? అది రెండిటినీ అరిగించబోయింది. నలభై ఏళ్ళు దాటిన పట్టు, మడతల దగ్గర ముందే నీరసించి ఉంది. రాత్రంతా నానబెట్టి ఆఖరి దెబ్బ నేను కొట్టాను.

మా అమ్మాయి ప్యాకెట్ చూపించిన మర్నాడే పనావిడకి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఏదో చిన్నతనం. రెండు నెలలు ఈ చరిత్రంతా చదివాను, పేరు లేని ఆ ఫ్యాక్టరీ మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఇక ఆగలేకపోయాను. పోయిన సోమవారం ఆవిడ గిన్నెల ముందు కూర్చోగానే పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. చీర పాడైంది నీవల్ల కాదు, నావల్ల, ఆ రోజు అన్న మాటలు తప్పు అన్నాను. ఆవిడ చెయ్యి ఆపలేదు. కాసేపటికి, "నేను జాడించేటప్పుడే చేతికి జిగురుగా తగిలిందమ్మా. చెప్దామనుకున్నా. మీరేమంటారో అని ఊరుకున్నా" అంది.

చూశారా, ఆవిడ చేతులకి ఆ రోజే తెలిసింది, మా అవ్వ చేతులకి తెలిసినట్టే. అడిగి ఉంటే చెప్పేది.

చీరలో బాగున్న భాగంతో అంచు ఉంచి మా అమ్మాయికి ఓణీ కుట్టిస్తున్నాను. అది మాసినప్పుడు కుంకుడు రసంలో జాడించే పని మాత్రం నాదే.